జబల్ అఖ్దర్‌లో ఐరిస్ దుబ్బులు

ఆ మొక్కల్ని నేను కోరి తెచ్చుకోలేదు. ఒక చలికాలం ఉదయం మా వాకిట్లో హోటల్ జీపు ఆగింది. ముందు మా ఆయన దిగాడు. వెనుక నుంచి హోటల్ తోటలు చూసుకునే విదేశీ ఆవిడ దిగింది. ఆమె చేతుల్లో తడి గోనెపట్టా చుట్టిన అట్టపెట్టె ఒకటి ఉంది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

మేముండేది ఒమాన్‌లో, జబల్ అఖ్దర్ కొండ మీద. మస్కట్‌లో జనం ఏసీ కిందనుంచి కదలని రోజుల్లో కూడా ఇక్కడ సాయంత్రం పూట శాలువా వెతుక్కుంటాం. చలికాలంలో బయట పెట్టిన బకెట్లో నీళ్ల మీద పలచగా మంచు పొర కడుతుంది. మా ఆయన ఇక్కడి హోటల్లో వంటవాడు, నేను ఆరోగ్య కేంద్రంలో నర్సును. ఇద్దరిదీ నిజామాబాద్ వైపే. మా నాన్న పసుపు పండించేవాడు. ఆ సంగతి మా ఆయన ఎప్పుడో మాటల్లో ఆవిడతో అన్నాడట. ఆవిడ దాన్ని గట్టిగా పట్టుకుంది.

"నా కాంట్రాక్టు అయిపోయింది, వెళ్లిపోతున్నాను," అంది ఇంగ్లీషులో. "హోటల్ వాళ్లకు వెంటనే పూసేవి కావాలి. ఇవి అలాంటివి కావు. మీది దుంపలు పెంచిన కుటుంబమని మీ ఆయన చెప్పాడు."

పెట్టె విప్పింది. లోపల పసుపు కొమ్ముల్లాంటివే, కాకపోతే సన్నగా, నల్లగా, అడుగున గుర్రపు తోకలాంటి వేళ్లతో ఐదు ముక్కలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టి ఉంది. సైబీరియన్ ఐరిస్ అని చెప్పింది. ఐదూ ఐదు రకాలట. ఎండలు కాసే అరబ్బు దేశంలో ఇవి బతకవని అందరూ అంటారట.

"మీరేమంటారు?" అని అడిగాను.

"నాకూ బతకవనే అనిపిస్తుంది. కానీ ఇంత ఎత్తులో ఎవరూ పెట్టి చూడలేదు. మీరు పెంచండి. ఏది నిలబడిందో, ఏది లేదో నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాకు మొహమాటం వద్దు."

అప్పటికి నేను కొత్తిమీర, పుదీనా తప్ప ఏమీ పెంచలేదు. ఆవిడ ముఖం చూసి కాదనలేక సరేనన్నాను. ఆ పూటే వంటింటి వెనుక పెరట్లో ఇద్దరం కలిసి నాటాం. వేళ్లు ఒక్క నిమిషం కూడా ఆరకూడదని ఆవిడ తడి గోనెపట్టాను చివరిదాకా తీయలేదు. నాటడం అయ్యాక మోకాళ్ల మీదే కూర్చుని, వీటిని ఎలా చూడాలో చెప్పింది. మొదటి ఏడాది పువ్వు వచ్చినా దాన్ని నమ్మొద్దంది. కాడ మీద ఎన్ని మొగ్గలున్నాయి, పువ్వు ఆకుల పైకి వచ్చిందా, లోపలే దాక్కుందా, మధ్యాహ్నానికి రంగు వెలిసిందా, పూలయ్యాక ఆకు నిటారుగా ఉందా, నేలకు వాలిందా, ఇవన్నీ చూడమంది.

"పువ్వును అందరూ చూస్తారు. మీరు మొక్కను చూడండి. పువ్వు ఉండేది ఏడాదిలో కొన్నాళ్లే."

ఆవిడ వెళ్లిపోయింది. ఆ వేసవిలో ఐదు చోట్లా వరినారు లాంటి సన్నని ఆకులు లేచాయి. అంతే. పువ్వు లేదు, మొగ్గ లేదు. నేను రోజూ నీళ్లు పోస్తుంటే మా ఆయన డ్యూటీకి పోతూ గుమ్మంలో ఆగేవాడు.

"ఏందే, గడ్డికి నీళ్లు పోస్తున్నవా?"

"గడ్డి గాదు. పూల చెట్లు."

"గట్లనా? మరి మా హోటల్ల లాన్ గూడ పూల చెట్లేనా?"

మా ఇల్లు ఒక ఒమానీ పెద్దావిడది. గోడ అవతలే ఆమె ఇల్లు. ఆమెను నేను 'ఖాలా' అంటాను. నిజామాబాద్‌లో మా పక్కింటి ముసల్మానుల పిల్లలు పిన్నిని అలాగే పిలిచేవారు, అరబ్బీలోనూ అదే మాట. ఆ ఒక్క మాటతో మా మధ్య సగం దూరం పోయింది. మిగతా సగం నా అరబ్బీ వల్ల అలాగే ఉండిపోయింది. నాది ఆస్పత్రి అరబ్బీ. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, అన్నం తిన్నావా అని అడగగలను కానీ పూల గురించి మాట్లాడేంత మాటలు లేవు.

ఖాలాకు కొండ వాలులో మెట్లు మెట్లుగా దిగే పొలం ఉంది. దానిమ్మ చెట్లూ, గులాబీ పొదలూ వేసింది. వసంతం వస్తే ఆమె తెల్లవారకముందే గులాబీలు కోసి మట్టి పొయ్యిల మీద పన్నీరు దింపుతుంది. ఆ నెలంతా మా ఇంట్లో ఉతికిన బట్టలకు కూడా ఆ వాసనే. ఆమె మేకలు ఒకసారి మా పెరట్లోకి దూరాయి. కొత్తిమీర మొదలంటా మేశాయి, పుదీనా మేశాయి, ఐరిస్ ఆకుల్ని మాత్రం వాసన చూసి వదిలేశాయి. ఖాలా వాటిని తోలుకుపోతూ నవ్వింది.

"మేక కూడా ముట్టని దానికి నువ్వు నీళ్లు పోస్తున్నావు, బింతీ."

బింతీ అంటే నా బిడ్డా అని.

నాకు అసలు కష్టం తెచ్చిపెట్టింది ఆకుల రంగు. వేసవి మధ్యలో అన్నీ పసుపు పచ్చబడ్డాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఫోటో తీసి మొక్కలిచ్చిన ఆవిడకు పంపాను. మీ కొండంతా సున్నపురాయి, ఆ మట్టీ నీళ్లూ వీటికి పడవు, ఆమ్లం ఉన్న పుల్లటి మట్టి కావాలి అని జవాబిచ్చింది. నాకు రెండు ఉపాయాలు తోచాయి. ఆరోగ్య కేంద్రంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు వృథాగా పోతుండేవి. వాటిలో సున్నం ఉండదు కదా అని క్యాన్లలో పట్టి ఇంటికి తెచ్చాను. రెండోది, మా ఆయన హోటల్లో వాడి పారేసే చాయ్‌పత్తి. మొదటిసారి ఆయన స్టాఫ్ మెస్ నుంచి తెచ్చాడు. దానికి పాలూ చక్కెరా అంటి ఉండడంతో పెరడంతా చీమలు పట్టాయి. తర్వాత గెస్టులు తాగే ఉత్త చాయ్ పత్తి తెమ్మన్నాను. మొక్కల మొదట్లో దాన్ని పరిచాను. దేనివల్ల గుణం కనిపించిందో తెలియదు గానీ కొత్తగా వచ్చిన ఆకులు పచ్చగా వచ్చాయి. ఒక్క ఎర్రదారం కట్టిన మొక్క మాత్రం పసుపుగానే ఉండిపోయింది.

రెండో వసంతంలో మొదటి పువ్వు వచ్చింది. తెల్లది. పొద్దున డ్యూటీకి యూనిఫాం వేసుకుని గుమ్మం దాటబోతూ చూశాను. సన్నని కాడ మీద, ఆకులకు జానెడు పైన, మూడు రేకులు కిందికి వాలి, మూడు పైకి నిలబడి ఉన్నాయి. వాలిన రేకుల మొదట్లో వేలితో పసుపు రాసినట్టు మరక. బ్యాగు నేల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. మా ఆయనను లేపాను. ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి చాలాసేపు చూసి, "గడ్డి గాదు," అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు.

ఖాలాను పిలిచాను. ఆమె వంగి, పువ్వుకు ముక్కు ఆనించి, లోపలికంటా గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది.

"వాసన ఏది?"

"వాసన ఉండదు, ఖాలా."

"మరి ఎందుకు?"

ఒక పువ్వు తెంచి దేవుడి ముందు పెట్టి చూశాను. మర్నాటికే ముడుచుకుపోయింది. మందారం కంటే మేలే, బంతి పువ్వుతో మాత్రం పోటీ పడలేదు. ఆ మాటే మొక్కలిచ్చిన ఆవిడకు రాస్తే ఫోన్ చేసి నవ్వుతూ, దేవుడి ముందు ఎంతసేపు నిలిచిందన్నది తానెప్పుడూ చూడలేదని, ఇకమీదట అది కూడా చూడమని చెప్పింది.

మూడో వసంతానికి నాలుగు దుబ్బులు బాగా పిలకలు వేశాయి. అప్పుడు నాకు మొక్కను చూడడం కొంచెం అలవాటయింది. లేతనీలానిది అన్నిటికంటే పెద్ద పువ్వు, కానీ కాడ బలహీనం. తెల్లదానికి మొగ్గలు తక్కువ, అయినా ఒక్కో పువ్వు మిగతావాటికంటే ఎక్కువ రోజులు నిలిచేది. ముదురు నీలానిది పొద్దున చూస్తే కళ్లు చెదిరేవి, మధ్యాహ్నానికి ఎండకు వెలిసిన బురఖాలా తేలిపోయేది. లేత పసుపుది మామూలుగా కనిపించేది కానీ పూలు అయిపోయాక కూడా దాని ఆకు చక్కగా నిలబడి, పెరటికి ఒక అందం ఉండేది. ఎర్రదారందానికి అప్పటికీ పువ్వు లేదు.

మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో మా చెల్లెలు ఉంటుంది. ఆమె భర్త మత్రాలో ఒక ట్రేడింగ్ ఆఫీసులో పని చేస్తాడు. ఆ సెలవుల్లో పిల్లలతో కొండెక్కి వచ్చింది. పెరట్లో నిలబడి నా పూలను తేరిపార చూసింది.

"అక్కా, గులాబీలు చూద్దామని వస్తే గివేంది?"

"చూడు, ఏది నచ్చింది?"

"గా నీలంది మస్తుగుంది. నాకో ముక్కియ్యి. బాల్కనీల పెట్టుకుంట."

అక్కడి వేడికి ఉడికిపోతుందని చెప్పాను. వినలేదు. కుండీలో పెట్టి ఇచ్చాను. నెల తిరక్కుండానే ఫోన్ చేసింది. "అక్కా, నువ్వన్నట్టే ఉడికింది. సాంబార్ల మునక్కాడ లెక్క అయింది." ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సంగతి కూడా ఆవిడకు రాశాను. మస్కట్‌లో బతకదు అని.

తర్వాతి వసంతంలో వడగళ్లు పడ్డాయి. ఈ కొండ మీద వసంతకాలం మధ్యాహ్నాలను నమ్మలేం. ఆ రోజు నేను డ్యూటీలో ఒక చిన్నపిల్లాడికి టీకా వేస్తున్నాను. గది ఒక్కసారిగా చీకటయింది. తర్వాత పైకప్పు మీద కంకర గుమ్మరించినట్టు చప్పుడు. పిల్లాడు సూది నొప్పి మరచిపోయి కిటికీ వైపు చూశాడు. బయట జీపుల మీద గోలీకాయలంత వడగళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ వారం నాలుగు దుబ్బులూ నిండా పూసి ఉన్నాయి. నాలుగో వసంతంలో పూలన్నిటి పూర్తి వివరం పంపుతానని మొక్కలిచ్చిన ఆవిడకు మాటిచ్చాను, ఆ ఏడాది అదే. నేను ఏం చేయగలను? క్యూలో ఉన్న తల్లులను చూసుకున్నాను.

డ్యూటీ అయ్యాక తడి రోడ్డు మీద పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. పెరట్లోకి వెళ్తే నా పూల మీద ఖాలా పన్నీరు గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఒక పెద్ద రాగి పాత్ర, ఒక అల్యూమినియం తొట్టి. ఖాలా గోడ వారగా తడిసిన ముసుగు పిండుకుంటూ నిలబడి ఉంది. నెత్తిన ఒక వెదురు తట్ట పెట్టుకుని వడగళ్లలోనే పరిగెత్తి వచ్చిందట. ముంజేతి మీద ఎర్రగా కమిలిన మచ్చలు కనిపించాయి.

"ఖాలా, నీ గులాబీలు?"

ఆమె చెయ్యి ఊపింది. "పోయాయి. గులాబీలు ఎన్ని వందలు! ఏ పొదను కప్పేది? వాటిని దేవుడు చూసుకుంటాడు. నీవి నాలుగే ఉన్నాయి."

ఆమెను లోపల కూర్చోబెట్టి ముంజేతికి మందు రాశాను. ఆ పని మాత్రం నా అరబ్బీలో బాగానే వచ్చు. నొప్పి ఉందా అని అడిగితే లేదంది, చాయ్ ఉందా అని అడిగింది. రెండు గిన్నెలే దొరికాయి కదా, ఆ రెంటినీ ఏ పూల మీద పెట్టాలో ఎలా తేల్చుకున్నావని అడిగాను. బహుశా ఏదో నచ్చి ఉంటుందనుకున్నాను.

"తలుపుకు దగ్గరున్నవి కప్పాను," అంది. "దూరం పోతే తల పగిలేది."

గిన్నెలు ఎత్తి చూస్తే కింద ముదురు నీలంది, లేత పసుపుది చెక్కు చెదరలేదు. కప్పని రెండింటిలో లేతనీలంది కాడలన్నీ విరిగి నేలకు అంటుకుపోయింది. తెల్లది రేకులు చిల్లులు పడి కూడా నిటారుగా నిలబడి ఉంది. రెండు రోజుల్లో దాని మిగిలిన మొగ్గలు విచ్చాయి. ఆ ఫోటోలు పంపితే ఆవిడ చాలా పొద్దున్నే ఫోన్ చేసింది.

"నా తోటలో ఇన్నేళ్లలో ఇలాంటి పరీక్ష రాలేదు. తెల్లదాన్ని వదలకండి. మీ పక్కింటి ఆవిడకు నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి."

చెప్పాను. ఖాలా ఆ ఏడాది పన్నీరు కొంచెమే దింపగలిగింది. అందులోంచి ఒక సీసా నాకిచ్చి, ఇంకోటి ఫోన్లో మాట్లాడిన ఆవిడకు పంపమంది. ఆ సీసా పంపడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ. చివరికి హోటల్‌కు వచ్చిన ఒక గెస్టు తన పెట్టెలో పెట్టుకుపోయాడు.

ఇక ఎర్రదారం మొక్క. నాలుగేళ్లయినా పసుపు ఆకులే, పువ్వు లేదు. తీసేయమని ఆవిడ సూటిగా చెప్పింది. రకాలను పరీక్షించడం అంటే పనికిరానిదాన్ని తీసేయడమే అంది. నాకు చేతులు రాలేదు. రోగి ఊపిరి తీస్తున్నంతసేపు చేయాల్సింది చేయడం నా ఉద్యోగం, తీసేయడం కాదు. అయినా ఆ శరదృతువులో చలి మొదలవగానే గునపంతో దాన్ని పెళ్లగించాను. చెత్తబుట్ట దగ్గర పెట్టి చేతులు కడుక్కుంటుంటే ఖాలా గోడ మీద నుంచి చూసింది.

"అది చచ్చిందా?"

"చావలేదు. కానీ బాగుపడట్లేదు."

"చావకపోతే పారేయడమేంటి? ఇటివ్వు."

తీసుకుపోయింది. నేను మళ్లీ దాని మాట ఎత్తలేదు. ఆమె కూడా చెప్పలేదు. మరుసటి వసంతంలో గులాబీలు కోసే రోజుల్లో ఒక ఉదయం తలుపు బాదింది. పొలానికి రమ్మంది. దానిమ్మ చెట్ల కింద, ఊరంతటికీ నీళ్లు పంచే ఫలజ్ కాలువ గోడకు చిన్న బీట ఉంది. అక్కడ నీళ్లు ఎప్పుడూ ఊరుతూ, ఆకులు కుళ్లి నల్లమట్టి అయి ఉంటుంది. ఆ నల్లమట్టిలో ముదురు ఆకుపచ్చని దుబ్బు లేచి, దాని మీద నేరేడు పండు రంగు పూలు నాలుగు విచ్చుకుని ఉన్నాయి. అంత చిక్కటి రంగు మా పెరట్లో దేనికీ లేదు. వాలిన రేకుల మొదట్లో సన్నని బంగారు గీతలు.

"చూశావా?" అంది ఖాలా.

"చూశాను. ఏం చేశావు?"

"ఏం చేయలేదు. దీనికి దాహం ఎక్కువ. నువ్వు క్యాన్లతో పోస్తే సరిపోతుందా?"

తర్వాత వంగి వాసన చూసి, తల అడ్డంగా ఊపి లేచింది. వాసన విషయంలో ఆమె అభిప్రాయం మారలేదు.

పొలంలోనే నిలబడి ఆవిడకు వీడియో కాల్ చేశాను. ఫోన్ పువ్వుకు దగ్గరగా పట్టుకుని చూపించి, తర్వాత ఖాలా వైపు తిప్పాను. ఎన్నో దేశాలు దాటి ఖాలా ముఖం, ఆవిడ ముఖం ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఒకరి భాష ఒకరికి రాదు. ఖాలా ఫోన్ లాక్కుని కాలువ బీట చూపించింది, నీళ్లలో చెయ్యి ముంచి చూపించింది. ఆవిడ అవతల తల ఊపుతూనే ఉంది. చివరికి నాతో, "నేను తీసేయమన్నది మీ పెరట్లోంచి. అది ఇప్పటికీ సరైన మాటే," అని నవ్వింది. నాకూ అదే సబబనిపించింది. మా పెరట్లో అది ఇంకో పదేళ్లున్నా పూసేది కాదు.

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. తెల్లదాని మీద కాయలు కట్టాయి. కోసేయాలని తెలియక వదిలేశాను. ఎండి పగిలాక నల్లని గింజల్ని ఒక కుండీలో చల్లి, చలికాలమంతా బయటే వదిలేశాను. వసంతంలో దువ్వెన పళ్లలా నారు మొలిచింది. పరాగం ఏ తేనెటీగ దేనినుంచి తెచ్చిందో ఎవరికి తెలుసు? నారులో గట్టివి ఏరి గోడ పక్కన నాటాను. చాలావరకు చచ్చిపోయాయి. మిగిలిన వాటిలో ఒకటి ఈ వసంతంలో పూసింది.

నేను దాని ముందు కూర్చుని నేర్చుకున్నట్టే చూశాను. రంగు లేతనీలానికీ తెలుపుకీ మధ్య, కడిగిన పాల గిన్నెలో మిగిలిన నీళ్లలాంటిది. కాడ మరీ పొట్టి, పువ్వు సగం ఆకుల్లోనే ఉంది. మొగ్గలు రెండే. వాలిన రేకులు కొంచెం ముడుచుకున్నాయి. మధ్యాహ్నం మళ్లీ వచ్చి చూశాను. రంగు వెలవలేదు, అది ఒక్కటే మంచిమాట. అవన్నీ ఉన్నది ఉన్నట్టు రాసి ఫోటోతో పంపాను.

"నేనైతే తీసేస్తాను," అని ఆవిడ జవాబు. దాని కిందే ఇంకో వాక్యం. "మీ అంచనా నా అంచనాతో సరిగ్గా కలిసింది. బాగా చూడడం నేర్చుకున్నారు."

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే పెరట్లోకి వచ్చాడు. ఇప్పుడాయనకు అది అలవాటు. కొత్త పువ్వు చూపించి, ఎక్కడా పేరులేని రకమని, కానీ మంచిది కాదని చెప్పాను.

"మంచిది గాదని ఎవలన్నరు?"

"నేనే అన్న. ఆమె గూడ అన్నది."

"మరి పీకుతవా?"

"పీకను."

"ఎందుకు?"

"ఇది ఈడ పుట్టింది," అన్నాను. ఆయన వంగి ఆకులు పక్కకు జరిపి, లోపల దాక్కున్న రెండో మొగ్గను కూడా చూసి, చేతులు దులుపుకుని లోపలికి పోయి చాయ్ పెట్టాడు. నేను క్యాను తెచ్చి దాని మొదట్లో నీళ్లు పోశాను.